సంగటి వద్దన్న పిల్ల

తిరుపతిలో ఒక పిల్లల ఆశ్రమంలో పదకొండేళ్లు వంట చేశాను. నూటికి పైగా పిల్లలు. గంట కొడితే పళ్లేలు పట్టుకుని వరసగా వచ్చేవాళ్లు, వేసింది తిని, పళ్లెం కడిగి పోయేవాళ్లు. చారులో ఉప్పెక్కువైనా ఒక్క బిడ్డ నోరు తెరిచి అడిగింది లేదు. అది నా వంట గొప్ప అనుకునేదాన్ని.

తర్వాత, పిల్లల్ని అంత గుంపుగా ఉంచకూడదు, ఇళ్లలో పెంచాలి అన్న మాట మొదలైంది. ఆశ్రమంవాళ్లు తిరుచానూరులో పూలు కట్టేవాళ్ల వీధిలో ఇల్లు తీసుకుని, ఆరుగురు ఆడపిల్లల్ని, వాళ్లను సాకడానికి నన్నూ పెట్టారు. సంతకం తప్ప రాయడం రాని నన్ను! ఆరు నెలలు చూస్తాం, ఇల్లు సరిగా నడవకపోతే పిల్లలు మళ్లీ ఆశ్రమానికే అన్నారు.

"ఏం చేసేది ఈ పొద్దు?" అని అడిగితే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. "ఏదైనా సరే పెద్దమ్మా" అనేవాళ్లు. నెలల తరబడి అదే మాట. ఇష్టమంటూ లేని పిల్లలుంటారా? పదకొండేళ్లు నేను వండిపోసింది ఇలాంటి నోళ్లకా అని సిగ్గేసింది.

ఆరో నెలలో ఆశ్రమం ఆఫీసు నుంచి మేడమ్ ఇల్లు చూసిపోవడానికి వచ్చింది, సరిగ్గా భోజనాల వేళకు. రాగిసంగటి ముద్దలు చేసి, శనక్కాయలు నూరిన పచ్చడి, ఊరిబిండి, వేసి పెట్టాను. అందరికన్నా చిన్నది, ఎనిమిదేళ్లది, పళ్లెం పక్కకు నెట్టేసింది.

"నాకొద్దు. నిన్నా సంగటే, ఈ పొద్దూ సంగటే. దోసె పోసియ్యి."

"నీ మొకాన పోస్తా. తిను మే, మేడమ్ సూస్తా ఉండాది."

"సూడనీ. నీకు పిండి రుబ్బేదానికి బద్దకం."

"దాన్ని నెత్తికెక్కించుకున్నావు కదా పెద్దమ్మా, అనుభవించు" అంది పెద్దపిల్ల. మిగతావాళ్లు కిసకిసా నవ్వారు.

ఆశ్రమంలో తిండి వద్దంటే గోడవార నిలబెట్టేవాళ్లు. మేడమ్ ఏదో రాసుకుంటోంది. ఇక పిల్లలు నాకు దక్కరు అనుకున్నాను.

మేడమ్ చిన్నదాన్ని దగ్గరికి పిలిచింది. "పెద్దమ్మ తిడితే భయం లేదా నీకు?"

"తిడతాది మేడమ్. తిట్టి తిట్టి, ఆఖరికి పోస్తాది."

మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆశ్రమంలో దీని గొంతు నేనెప్పుడూ వినలేదమ్మా. మాట్లాడుతుందనే తెలీదు. పిల్లల్ని ఇక్కడే ఉండనీండి" అంది.

ఇంట్లో పిండి లేదు. గిన్నె తీసుకుని పక్కింటికి పరుగెత్తాను. "వదినా, రొంత దోసె పిండి ఇయ్యి. మా చిన్నది సంగటి వద్దంటా ఉండాది!"

పక్కింటామె నన్ను ఎగాదిగా చూసింది. "దానికింత సంబరమా? మా ఇంట్లో నలుగురితో దినమూ ఇదే రామాయణం."

ఆ మాట వినడానికే వెళ్లినట్టు, పిండి గిన్నె చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను.