నీళ్లలో విడిచిన కట్టె

పెద్దనాయన పోయినాడని మొన్న పొద్దున అర్ధవీడు నుంచి ఫోను వచ్చింది. మా నాయనకు అన్న, గొర్రెలు కాసుకుంటూ బతికిన మనిషి. ఏడుస్తూనే మా మార్కాపురం కాలనీ గ్రూపులో కబురు పెట్టాను. వెంటనే ఒకావిడ, "అయ్యో! అండమాన్‌లో నువ్వు నీళ్లలోంచి లాక్కొచ్చిన తాతేనా?" అని రాసింది. కింద దండం బొమ్మ, పక్కనే పళ్లికిలించే బొమ్మ. ఛీ అనిపించింది. ఆమె మీద కాదు, నా మీద. ఆ అబద్ధాన్ని ఇన్నాళ్లూ సాకింది నేనే. ఇది చదివేవాళ్లకైనా నిజం చెప్పుకోవాలి.

ఆయన సముద్రం చూడలేదని కాలనీవాళ్ల అండమాన్ టూరుకు నేనే పట్టుబట్టి తీసుకెళ్లాను. జనం పెద్దగా రాని చిన్న దీవి అది. దిగీ దిగగానే దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"థూ! ఇన్ని నీళ్లుండి ఏం లాభం? ఒక్క గొర్రెకన్నా దప్పిక తీరదే!"

ఆ మూడు రోజులూ ఆయనకు అన్నీ రోతే. చేపల వాసన రోత, హోటల్ చట్నీ రోత, అన్నిటికంటే మేము రోత. చిప్స్ తిని కవర్లు ఇసుకలో పారేస్తుంటే వెనకాలే ఏరి తువ్వాల్లో మూటగట్టేవాడు. "గొర్రెలు మేసినచోట ఎరువన్నా ఇడిసిపోతాయి. మీరేం ఇడిసినారు?" అనేవాడు. మాకు నవ్వొచ్చేది.

మూడో రోజు పొద్దున సముద్రం వెనక్కి పోయి, దూరాన ఉన్న రాళ్లగుట్ట దాకా ఇసుక తేలింది. అందరం నడుచుకుంటూ పోయి, రాళ్ల సందుల్లో పీతల్ని, నక్షత్రచేపల్ని చూస్తూ ఫొటోలు దిగుతున్నాం. పెద్దనాయన మాత్రం నీళ్ల అంచున చేతికట్టె గుచ్చి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. వాగు దాటి గొర్రెల్ని మేపేటప్పుడు ఆయనకది అలవాటు. నల్లమలలో ఎక్కడో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు వచ్చేస్తుంది. అందుకే ఆయన మబ్బును నమ్మడు, కట్టెను నమ్ముతాడు.

"లెయ్యండి, లెయ్యండి! నీళ్లు కట్టె దాటినాయి!"

"మబ్బే లేదు కదా పెద్దనాయనా, కూర్చో," అన్నాను.

ఆయన వినలేదు. కట్టె పెరికి, "హెయ్, హెయ్" అంటూ గొర్రెల్ని తోలినట్టే అందరినీ అదిలించాడు. సణుక్కుంటూ కదిలారు. సగం దారిలో నా హ్యాండ్‌బ్యాగు రాళ్ల మీద మరిచానని గుర్తొచ్చి, ఎవరికీ చెప్పకుండా వెనక్కి పరిగెత్తాను. బ్యాగు దొరికింది. తిరిగి చూసేసరికి ఇసుక లేదు. నాలుగడుగులు వేశానో లేదో నడుము దాకా నీళ్లు, కాళ్ల కింద నేల జారిపోతోంది. అప్పటికే పెద్దనాయన కట్టె ఊతంగా వచ్చేస్తున్నాడు. నా దగ్గరికి రాగానే కట్టెను ఇసుకలో దించేసి, రెండు చేతులా నన్ను పట్టుకున్నాడు. ఉప్పునీళ్లు మింగుతూ, దగ్గుతూ లాక్కొచ్చి, ఒడ్డున కూలబడి కక్కుకున్నాడు.

మిగతావాళ్లకు మా చివరి నాలుగడుగులే కనిపించాయి. "భలే పట్టుకొచ్చావు తాతను!" అన్నారు. ఆయన కక్కుకోవడాన్ని ఒకాయన ఫొటో కూడా తీశాడు, సిగ్గులేకుండా. బ్యాగు కోసం పోయానంటే మా ఆయన ఏమంటాడోనని నేను నోరు మూసుకున్నాను. ఊరికొచ్చాక పెద్దమ్మ ముందే ఎవరో ఆ సంగతి ఎత్తారు. పెద్దనాయన నా మొహంలోకి ఒకసారి చూసి, "అవునబ్బా, ఈ పాప లేకుంటే ఆ పొద్దే పోయేటోణ్ని," అన్నాడు.

ఆ తర్వాత ఏ పెళ్లిలో ఎవరు ఎగతాళి చేసినా నవ్వేవాడు. పక్కన నేనూ నవ్వేదాన్ని. ఈ ప్రాణం ఆయన పెట్టిన భిక్ష అని తెలిసీ నవ్వాను. 

మట్టి చేసి వచ్చాక పెద్దమ్మ పక్కన కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసులే పాపా. కట్టె ఏదని అడిగితే సముద్రంలో ఇడిసినానన్నాడు. చేతుల్లో ఇంకో ప్రాణం ఉంటే తప్ప మీ పెద్దనాయన కట్టె ఇడిసే మనిషా?"

 ఆ రోజు ఒడ్డున తడిసిన బ్యాగు ఒళ్లో పెట్టుకుని నేను చూస్తూ కూర్చున్నది ఆ కట్టెనే. నీళ్ల నడుమ నిటారుగా నిలబడి ఉంది. మూరెడు, జానెడు, బెత్తెడు... తర్వాత అన్నీ నీళ్లే.