వరస బాబాయి చీటీలు

వరస బాబాయి దేన్నీ నేరుగా ముట్టుకోడు, ముందు దాని నంబరు రాసుకుంటాడు. ఆఫీసులో అందరికీ బాబాయి అయిన ఆ పెద్ద ప్రోగ్రామరుకు ఉన్న ఒకే ఒక్క జబ్బు అది. అల్మరాలో నాలుగు ఫైళ్లు కావాలంటే నాలుగూ ఒకేసారి తెచ్చుకోడు. "రెండు, ఐదు, తొమ్మిది, పన్నెండు" అని చీటీ రాసుకుని, ఒక్కొక్కటే తెచ్చి, చదివి, దాని చోట దాన్ని పెట్టి, మళ్లీ బయలుదేరుతాడు. చూసేవాళ్లకు కాళ్లు పీకుతాయి.

పక్క సీటు అమ్మాయికైతే ప్రాణమే పీకేది. ఆమె ఒక ఆసుపత్రికి ప్రోగ్రాం రాసింది. డయాలసిస్‌కు రావలసిన రోగులకు ముందురోజు అది ఫోన్ చేసి గుర్తు చేయాలి. ఫోన్ వెళ్లినవారి పేరు అక్కడికక్కడే జాబితాలోంచి తీసేయాలి. బాబాయి సరేనంటేగాని అది గడప దాటదు.

బాబాయి చీటీ ఇచ్చాడు: "17, 23, 41."

"ఇవేంటి బాబాయ్, లాటరీ నంబర్లా?"

"నీ ప్రోగ్రాంలో లైన్లమ్మా."

"తప్పేంటో నోటితో చెప్పొచ్చుగా!"

"చూడు. అదే చెబుతుంది."

మూడు రోజులు, మూడు చీటీలు, అవే అంకెలు. ఆసుపత్రివాళ్లు నెత్తిన కూర్చున్నారు.

"పరీక్షలో బాగానే నడిచిందిగా!" అని అరిచిందామె.

"ఎన్ని పేర్లతో?"

"...ఒకటి."

బాబాయి మారుమాట్లాడకుండా ఆరుగురిని వరండాలోకి లాక్కొచ్చి, నేలమీది పలకకొకరిని నిలబెట్టాడు. "నువ్వే ప్రోగ్రాంవి. పిలిచినవాళ్లను పంపెయ్. వెనకవాళ్లు ముందుకు జరుగుతారు."

ఆమె మొదటి పలక మీది మనిషిని పంపింది. అందరూ ఒక పలక జరిగారు. ఆమె రెండో పలక మీది మనిషిని పంపింది, వెనకవాళ్లు జరిగాక మూడో దానిమీది మనిషిని. నాలుగో పలక నుంచి అన్నీ ఖాళీ. అయినా వెనక ముగ్గురు మిగిలే ఉన్నారు.

"నన్నెవరూ పిలవలేదేం?" అన్నాడు రిసెప్షనిస్టు, నిజంగానే నొచ్చుకుని.

ఆమెకు చీటీలో అంకెలు వెలిగాయి: 17లో ఫోన్ చేయడం, 23లో పేరు తీసేయడం, 41లో తర్వాతి చోటికి వెళ్లడం. ఆ ముగ్గురూ రోగులైతే!

"కదిలే వరసను నమ్ముకోకు," అన్నాడు బాబాయి. "పిలవాల్సినవాళ్ల నంబర్లు ముందే దాచుకోవడానికి ప్రోగ్రాంలో ఒక విడి భాగం, వేరే క్లాసు రాయి. 'తర్వాతెవరు?' అని దాన్నడుగు."

రాసింది. జాబితాలోని నలభై ఆరుగురు రోగులకూ ఫోన్లు వెళ్లాయి.

మర్నాడు మేనేజరు పిలిస్తే, ఆలస్యానికి అక్షింతలు తప్పవనుకుంటూ వెళ్లింది.

"వచ్చే ప్రాజెక్టు నువ్వే నడపాలి."

"నేనా? తప్పు పట్టుకున్నది బాబాయి కదండీ!"

"రికార్డులో దిద్దుబాట్లన్నీ నీ పేరు మీదే ఉన్నాయి. ఆయన పేరు ఒక్కచోటే ఉంది. ఆలస్యానికి కారణం తన నిదానమేనని రాశాడు."

ఆమె విసవిసా బాబాయి సీటు దగ్గరికి వచ్చింది. "మీరే దిద్దేస్తే పది నిమిషాల పని కదా బాబాయ్!"

"పది నిమిషాలదేనమ్మా. కాకపోతే అది నా పనయ్యేది."

"అయితే కొత్త ప్రాజెక్టు తనిఖీ కూడా మీరే చేయాలి," అనేసిందామె. అని, వెంటనే ఆ చీటీలు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.