అమ్మకు నేను రాసి పంపిన ముఖం

మా అమ్మ తన తండ్రి ముఖం చూడలేదు. మూకీల రోజుల్లో బందరు నుంచి మద్రాసు వెళ్లి, చేత్తో తిప్పే కెమెరాతో సినిమాలు తీసిన మొదటివాళ్లలో ఆయనొకడు. అమ్మ కడుపులో ఉండగానే పోయాడు. ఒక్క ఫొటో లేదు. మిగిలిందల్లా ఒక రీలు డబ్బా. దాని చివర ఆయనే తెరమీదికొచ్చి దండం పెడతాడని అమ్మమ్మ చెప్పేదట. మా ఊళ్లో ఏ హాలువాడూ దాన్ని మెషీన్‌కి ఎక్కించనివ్వలేదు. పాత ఫిల్ము, భగ్గుమంటుందని భయం.

నేనప్పుడు మస్కట్‌లో, వాదీ కబీర్ అనే పేటలో ఒక వర్క్‌షాపులో స్టోర్‌కీపర్ని. రువీ సినిమా హాల్లో ఆపరేటర్ హైదరాబాద్ సాయిబు, నాకు స్నేహితుడు. "తీస్కరా భాయ్. రంజాన్‌ల హాలు బందుంటది, మెల్లగ తిప్పి చూపిస్త" అన్నాడు.

సెలవుకి వెళ్లి డబ్బా తెచ్చాను. "ఎలా ఉంటాడో చూసి రాయరా, నాకంతే చాలు" అంది అమ్మ.

రంజాన్‌కి ఇంకా మూడు నెలలుంది. మండు వేసవి, రేకుల రూమ్. గాలి తగిలితే పాడవుతుందని, ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు మూతకు మైనం పూసి, పైన గుడ్డ బిగించి మంచం కింద పెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

హాల్లో సాయిబు మూత తీయగానే పులిసిన కంపు కొట్టింది. లోపల గోధుమరంగు ముద్ద, అంచుల్లో పొడి. "ఫిల్ముకు గాలి గావాలె భాయ్. ఊపిరాడకుండ జేసినవ్" అన్నాడు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

నిజం రాయడానికి చేతులు రాలేదు. చూశానని రాశాను. కోలముఖం, నున్నటి బుగ్గలు, నవ్వితే అచ్చం నీలాగే సొట్ట పడుతుందమ్మా అన్నాను. అందంగానే తయారుచేశాను తాతయ్యని.

నెలకు జవాబొచ్చింది.

"నాయనా, శ్రమపడి చూశావు. మా నాన్నకి చిన్నప్పుడు అమ్మవారు పోసి మొహమంతా గుంటలేనని అమ్మ చెప్పేది. నీకెప్పుడూ చెప్పలేదు కదూ. నువ్వు చూసింది ఎవర్నో. డబ్బా ఎక్కడో మారిపోయుంటుంది. ఇక దాన్ని మోసుకు రాకు, అక్కడే పడెయ్యి."

అబద్ధమాడానని రాద్దామని నాలుగుసార్లు కాగితం తీశాను. రీలు నా చేతుల్లోనే పోయిందని కూడా రాయాలి. రాయలేదు. అమ్మ ఆ తర్వాత పదేళ్లు బతికింది. ఒక్కసారైనా మళ్లీ తండ్రి మాట ఎత్తలేదు.