ఆకుపచ్చ సంతకం

తెరేసమ్మది ఉయ్యూరు. పదహారేళ్లు యాత్రలవాళ్లకు వంట చేసింది. కాశీలో పప్పుచారు, గయలో గోంగూర. ఈ ఏడాది మొదటిసారి తనే మనుషులను తీసుకెళ్తోంది. పద్దెనిమిది మంది, నేపాల్‌కి. ఢిల్లీ దాకా రైలు, అక్కణ్ణుంచి విమానం.

నెల ముందే అందరినీ తన డాబా మీద కూర్చోబెట్టి చెప్పింది. పశుపతినాథుడి గుడిలోకి తోలు వస్తువులు వద్దు. ఆవకాయ పెద్ద పెట్టెలోనే పెట్టండి, చేతి సంచిలో ఉంటే తీసిపారేస్తారు. అక్కడి గడియారం మనకన్నా పావుగంట ముందు. అన్నిటికన్నా ముఖ్యం ఓటరు కార్డు, లేదా పాస్‌పోర్టు. అసలుది. జిరాక్సు కాదు.

ఆ చివరి మాట మూడుసార్లు చెప్పింది. ఎందుకో చెప్పలేదు. ఏడేళ్ల కిందట యాత్రవాళ్లకు వంటకని నేపాల్ వెళ్తూ ఢిల్లీ విమానాశ్రయంలో ఆమె జిరాక్సు చూపించింది. అసలుది ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది. మా వైపు అంతే, విలువైన కాగితం ఇల్లు దాటదు. మిగతావాళ్లు విమానం ఎక్కారు. ఆమె జనరల్ పెట్టెలో ఒంటరిగా ఉయ్యూరు తిరిగొచ్చింది.

ప్రయాణం రోజు రెండు గంటల ముందే విజయవాడ స్టేషనుకు రమ్మంది. విసుక్కుంటూ వచ్చారు. ఒక్కొక్కరి కార్డూ రెండు వైపులా తిప్పి చూసింది. అచ్యుతరామారావు గారి దగ్గర ఆగింది. ఆయన రిటైరైన తహసీల్దారు, అరవై మూడేళ్లు. ఆయన మాట మీదే పదకొండు మంది ఈ యాత్రకు వచ్చారు.

ఆయన ఇచ్చింది రంగు జిరాక్సు. కింద ఆకుపచ్చ సిరాతో సంతకం.

“అసలుదండీ?”

“బీరువాలో ఉంది. ఇది నేనే అటెస్ట్ చేశానమ్మా.”

“మీ కార్డుకి మీరే సంతకం పెట్టుకున్నారా?”

“ఇన్నేళ్లూ మండలమంతా ఆ సంతకంతోనే నడిచింది.”

“మండలం దాటుతున్నామండీ.”

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. “ఆధార్ ఉందిగా?”

“మీ వయసుకి చెల్లదు. అరవై ఐదు దాటితే వేరే సంగతి.”

“నేను రాకపోతే వీళ్లూ రారు. చూసుకో.”

తెరేసమ్మ ఆ పదకొండు ముఖాలూ చూసింది. వాళ్లు వెనక్కి వెళ్తే తను మళ్లీ గరిటె పట్టుకోవాల్సిందే.

“రాకపోయినా సరే. మిమ్మల్ని ఢిల్లీలో వదిలేసి వెళ్లలేను. ఇక్కణ్ణుంచి ఉయ్యూరు గంట. ఇంటికి ఫోన్ చేయండి.”

ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన భార్య త్రిపురసుందరి ఫోన్ తీసి కొడుకుతో చెప్పింది.

“అఖిలేష్, బీరువా తాళంచెవి బియ్యం డబ్బాలో ఉంది. నాన్నగారి ఓటరు కార్డు పట్టుకుని బండి మీద రా. హెల్మెట్ పెట్టుకో.”

రైలు వచ్చింది. అందరి సామానూ ఎక్కింది. ఆయన పెట్టె ఒక్కటే కింద ఉంది. తెరేసమ్మ దాని పక్కన నిలబడింది. సిగ్నల్ పడుతుండగా అఖిలేష్ వంతెన మెట్లు దిగుతూ కనిపించాడు. కార్డు చెమటతో తడిసింది. ఆమె కొంగుతో తుడిచి, రెండు వైపులా చూసి, పెట్టె తనే ఎత్తింది.

ఢిల్లీ కౌంటరులోని అమ్మాయి ఆయన కార్డును బొటనవేలితో రుద్ది చూసి తిరిగిచ్చింది. ఆయన వెనక్కి తిరిగాడు.

“తెరేసమ్మ గారూ, వాచీ ఇప్పుడే తిప్పుకోనా?”

“దిగాక తిప్పుకోండి,” అంది ఆమె. అందరూ అయ్యాక తన కార్డు కౌంటరు మీద పెట్టింది.