జంగయ్య సారు పంపిన మూడు ట్యూబులు

హాలియాలో ఎవరి బోరు మోటారు కాలినా చేరేది బెంజమిన్ దగ్గరికే. అతను చుట్టిన వైండింగ్ చూడముచ్చటగా ఉంటుంది. తీగలన్నీ దగ్గరికి చేర్చి, నూలుదారంతో జడ అల్లినట్టు బిగించి కడతాడు. "మోటారును గూడ పెండ్లిపిల్ల లెక్క తయారు చేస్తడు మా ఆయన" అంటుంది భార్య ఎస్తేరు. మెచ్చుకోలో, ఎత్తిపొడుపో మరి.

ఇంట్లో సొంత వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని దూరపువాళ్లను పలకరించే హ్యామ్ రేడియో పిచ్చి అతనికి అంటించింది తిరుమలగిరిలో ఉండే జంగయ్య సారు. పోలీసు వైర్‌లెస్‌లో చేసి రిటైరైన మనిషి. నిరుడు గొంతు క్యాన్సర్ ఆపరేషన్‌లో మాట పోయింది. అక్షరాలను చుక్కలూ గీతలుగా కొట్టి పంపే మోర్సు కీని మంచంలోనే పెట్టుకుని, రోజూ సాయంత్రం ఐదింటికి టకటకమని బెంజమిన్‌ను పిలుస్తాడు. హాలియాలో ఆ పిలుపు చక్కగా వినిపిస్తుంది. బెంజమిన్ చిన్న సెట్టు ఇచ్చే జవాబు మాత్రం సారు ఇంటి చుట్టూ ఉన్న ఇన్వర్టర్ల గోలలో మునిగిపోతుంది. అందుకే సారు, తాను సగం కట్టి వదిలేసిన, పిలుపు బలం పెంచే ట్యూబు యాంప్లిఫైయర్‌నూ, దానికి పట్టే పాతకాలపు రేడియో గాజు ట్యూబులు మూడింటినీ పంపి, చీటీ రాశాడు: "పూర్తి చెయ్యి. నేను బతికుండంగ నీ జవాబు ఒక్కసారి ఇంట."

"ఫోన్ చేస్తే అయిపాయె గదయ్యా!" అంది ఎస్తేరు.

"ఫోన్ల రోజూ నేను మాట్లాడుతుంటె సారు ఇంటనే ఉన్నడు. సారు ఇనాలన్నది నన్ను గాదే, గా డబ్బాను."

పది రోజుల్లో పూర్తి చేసి స్విచ్ వేశాడు. కీ ముట్టుకోకముందే మీటరు ముల్లు దానంతటదే లేచింది. ట్యూబులో రేకు ఎర్రగా కాలింది. పక్కింటి బిక్షమ్మ గోడ మీంచి కేకేసింది: "ఓ బెంజమినూ! సీరియల్ల అత్త ఏడుస్తాందో, నీ డబ్బ ఏడుస్తాందో తెలుస్తలేదు. జర బందు పెట్టు!"

మైకు తెచ్చి స్పీకరు ముందు పెడితే కూసినట్టు, యాంప్లిఫైయర్ తన కూతను తానే విని ఇంకా గట్టిగా కూస్తోంది. ఎర్తు బాగాలేదనుకున్నాడు బెంజమిన్. ఎండాకాలం, రాతినేల. కొత్త గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, బిందెలకొద్దీ నీళ్లు పోశాడు. ఆ పరీక్షల్లో ఒక ట్యూబు పోయింది. కెపాసిటర్లు మార్చాడు. రెండోదీ పోయింది.

మూడోది పెట్టినా అదే కూత. ఆపేసి, ఒక తీగ విప్పుదామని దారం కోశాడు. తీగలు కాస్త ఎడమయ్యాయి. మళ్లీ స్విచ్ వేస్తే కూత సగానికి పడిపోయింది.

బెంజమిన్ చేతులు ఆగిపోయాయి. లోపలికెళ్లే తీగనూ బయటికొచ్చే తీగనూ జంటగా, మోటారుకు కట్టినంత ముద్దుగా బిగించింది తనే. బయటికి పోవాల్సిన బలం పక్క తీగలోంచి మళ్లీ లోపలికే దూరుతోంది.

"నా చెయ్యే సంపిందే ఎస్తేరూ. రెండు ట్యూబులను నా చెయ్యే సంపింది."

దారమంతా కోసేశాడు. తీగలను చెరో మూలకు లాగి, నడుమ రేకు అడ్డం పెట్టాడు. ముల్లు కదలలేదు. కూత లేదు. ఐదైంది. కీ నొక్కాడు. రెండు అక్షరాలు వెళ్లాయో లేదో, అప్పటిదాకా ఆ కూతలో కాగి కాగి ఉన్న ట్యూబు గాజు టిక్కుమంది. దాని నెత్తిన ఉన్న వెండి మచ్చ పాలలా తెల్లబడింది. లోపలికి గాలి చొరబడితే ఇక అంతే. అటువంటి ట్యూబు కోసం హైదరాబాద్‌లో అతను తిరగని దుకాణం లేదు, ఎక్కడా లేదన్నారు.

ఫోన్ మోగింది. సారు కోడలు నిరోష.

"అన్నా, మామ లేసి కూసున్నడే! రెండక్షరాలు ఇనవడ్డయంట. మిగిలింది పంపుమని చెయ్యి ఊపుతుండు."

"ట్యూబు పోయింది బిడ్డా."

"మరి రేపు?"

బెంజమిన్ యాంప్లిఫైయర్ స్విచ్ ఆపేశాడు. ఎదురుగా చిన్న సెట్టులో సారు కీ మొదలైంది. మెల్లగా, ఒక్కో అక్షరం విడమరిచి: ఇంకోసారి. ఇంకోసారి.