మామయ్య పంచెకు మోగిన అలారం

ఇంజనీరింగ్ ముగించి రాజపాళయంలో ఖాళీగా తిరుగుతున్న రోజులవి. మా అన్న రఘు స్టార్టప్ పెట్టాడు. నేసిన గుడ్డలో చిరుగు కనబడితే అరిచే కెమెరా తయారుచేశాడు, అది ప్రపంచాన్నే మార్చేస్తుందనేవాడు. మొదటి ఆర్డర్ కోసం మామయ్య బట్టల మిల్లులో దాన్ని పరీక్షకు పెట్టాడు. ముందునుంచి గుడ్డ ఎంత నడిచినా కెమెరా నోరు విప్పలేదు.

“ఏమప్పా, నీ మిషను నిద్రపోయినాదా?” అంటూ మామయ్య గుడ్డ చూడటానికి కెమెరా ముందు వంగారు. వెంటనే ఎర్రలైటు, మిల్లంతా అదిరే అలారం! అన్న ముఖం గుడ్డకన్నా తెల్లబడింది. నేను మామయ్య వెనక్కి వెళ్లి చూశాను.

“మామా, మిషను సరిగ్గానే చెప్పినాది. మీ పంచె చినిగుండాది.”

మామయ్య వెనక తడుముకుని, పడీపడీ నవ్వారు. “నా గుడ్డ మంచిదే, పంచెదే తప్పు. ఆర్డర్ నీదేరా!”

ప్రపంచం మారిందో లేదో ఇంకా తెలియదు. మామయ్య మాత్రం ఆ పూటే పంచె మార్చారు.