సిగ్గుకు చెప్పిన చాయ్

నాంపల్లి స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో, చేతికి అందబోయే ఉద్యోగాన్ని కప్పు చాయ్‌లో ముంచిన ఘనుణ్ణి నేను. ఎలా ముంచానో చెబుతాను. నవ్వండి, కానీ కాస్త మర్యాదగా నవ్వండి. మాది ఒకప్పుడు ఏనుగు ఉన్న ఇల్లు.

ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు. మా ఏనుగు విషయంలో ఆ వెయ్యి ఎవరు తీసుకున్నారో నాకిప్పటికీ అనుమానమే. తర్వాత అబిడ్స్‌లో తాతగారి బంగళా పోయింది. అక్కడిప్పుడు చెప్పుల దుకాణాలున్నాయి. మాకు మిగిలింది వెన్నెముక ఒక్కటే, అదీ వంగదు. అలాంటి నేను కొన్నేళ్ల కిందట మొదటిసారి ఉద్యోగం అడగడానికి బయల్దేరాల్సి వచ్చింది. అబిడ్స్‌లోనే ఒక సభల హాల్లో పని. అది దొరక్కపోతే బేగం బజార్‌లో మా బావమరిది మిరియాల దుకాణంలో, అతని కింద కూర్చోవాలి. నాకు నిద్ర పట్టడం మానేసింది.

మా మేనకోడలు శ్రావణి హిమాయత్‌నగర్‌లో మనసు బాగోలేనివాళ్లకు సలహాలు చెబుతుంది.

"మామయ్యా, నీది భయం కాదు, సిగ్గు. దాన్ని తిట్టకు. ఒక మనిషి అనుకో. ఎదురుగా కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి ప్రేమగా మాట్లాడు. ఆటలాగా, అంతే."

"ఎవరి చాయ్?"

"ఊహలో చాయ్, మామయ్యా."

ఊరికే వచ్చిన సలహాను నేను నమ్మను. పైగా అతిథికి ఉత్త కప్పు చూపించే ఇల్లు కాదు మాది. అందుకే ఇంటర్వ్యూ రోజు ముందుగానే నాంపల్లి చేరి, ఇరానీ హోటల్లో రెండు చాయ్‌లు చెప్పాను. నిజం చాయ్‌లు.

"ఇంకొకలు వస్తున్నరా సాబ్?" అన్నాడు వెయిటర్.

"వచ్చేశారు."

అతను ఖాళీ కుర్చీని చూశాడు, నన్ను చూశాడు, బిస్కెట్ల ప్లేటు నాకందకుండా జరిపాడు.

కళ్లు మూసుకున్నాను. సిగ్గు వచ్చింది. ఒంటి మీద మా తాతగారి షేర్వాణీ, మోచేతి దగ్గర చిరుగు, చూపులు నేల మీద. నాకు వెంటనే అనుమానం వచ్చింది. "ఎవరు పంపారు మిమ్మల్ని? మా బావమరిదా?" కిందికి చూశాను. చెప్పులు కూడా తెగి ఉన్నాయి. చిత్రం, నాకు జాలేసింది. "చాయ్ తీసుకోండి" అన్నాను. "మీ తప్పేముంది? ఏనుగును మీరేం చంపలేదుగా."

ఇదంతా పైకే అన్నానని పక్క టేబుల్ వాళ్లు లేచిపోయాక తెలిసింది.

అతిథి కప్పు ఎత్తేదాకా మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. సిగ్గు ఎత్తదు. రెండు కప్పుల మీదా మీగడ కట్టింది. అప్పుడొక లావుపాటి పెద్దమనిషి ఎదుటి కుర్చీలో దబ్బున కూలబడి సిగ్గు చాయ్ అందుకుని గుటక వేశాడు.

"లేవండి. అక్కడ మనిషి ఉన్నారు."

"ఏడున్నరు?"

"మీరు కూర్చున్నది వారి మీదే."

ఆయన సగం లేచి, కుర్చీ తడిమి చూసుకుని, మళ్లీ కూర్చున్నాడు. "మంచిగనే ఉన్నవా అన్నా? ఎవలూ తాగుతలేరని తాగిన. ఇంకోటి చెప్త తియ్."

"మా అతిథికి మీరు చెప్పేదేమిటి? మంత్రి వచ్చినా ఆ కుర్చీ ఇవ్వను."

"సాబ్, జర ఆహిస్తా మాట్లాడున్రి. గిరాకీలు చూస్తున్నరు" అన్నాడు వెయిటర్.

పెద్దమనిషి కప్పుతో సహా వేరే టేబుల్‌కు పోయి, అక్కణ్ణుంచి నన్నే గమనిస్తూ కూర్చున్నాడు. సందేహం లేదు, బావమరిది గూఢచారే అనుకున్నాను.

కాదని అబిడ్స్‌లో మేనేజరు గది తలుపు తీయగానే తెలిసింది. బల్ల వెనక ఉన్నది ఆయనే. నాకు కళ్ల ముందు మిరియాల బస్తాలు కనిపించాయి.

"రా అన్నా. ఆయన గూడ వచ్చిండా?"

లేదని చెప్పి బతికిపోవచ్చు. పక్కకు చూశాను. తెగిన చెప్పులతో అంతదూరం నా వెంట నడిచొచ్చినవాణ్ణి కాదనడానికి నోరు రాలేదు.

"వచ్చారు. నిలబడ్డారు."

"కూర్చోమను." ఆయన రెండో కుర్చీ చూపించాడు. "ఇగో అన్నా, మా హాల్ల ముందు వరుస పెద్దోళ్ల పేర్ల మీద ఉంటది. ఆళ్లు రారు. అయినా గా కుర్చీలు ఖాళీగనే ఉండాలె. ఇంతకుముందు పనిచేసినోళ్లంత మొహమాటపడి ఎవలెవలనో కూర్చోబెట్టిన్రు. నువ్వు లేని మనిషి కోసం నన్నే లేపినవ్. రేపటి సంది రా."

మునిగిన బిస్కెట్టు తేలదు గానీ ఉద్యోగం తేలింది. ఇప్పటికీ అదే పని. ముందు వరుసలో చివరి కుర్చీ మాత్రం ఒకరికి ఇస్తాను. ఆయన ఎవరికీ అడ్డం రారు.

ఇక నా ప్రతిజ్ఞ. మా ఏనుగు సాక్షిగా చెబుతున్నాను: ఈ జన్మలో మళ్లీ సిగ్గుకు నిజం చాయ్ చెప్పను. ఊహలోనే పోస్తాను. అదీ ముందు నేను తాగాకే.